దీపానికి వీపు చూపనివాళ్లతో కర్నూలు కాలువ గట్టుకు

“కర్నూలు కాలువ గట్టున పాటల పండుగ. ప్రవేశం ఉచితం. శనివారం సాయంత్రం, కాలువకు నీళ్లు వచ్చే వేళ.”

ఆగస్టు మొదటి వారంలో ఫోనుకు వచ్చిన ఈ ప్రకటన చదవగానే నాకు మూడు అభ్యంతరాలు కలిగాయి. ద్వారమే లేని గట్టుకు ప్రవేశం ఉచితమని చెప్పడం అనవసరం. సాయంత్రం అనేది గంట కాదు. ఇక నీళ్లు వచ్చే వేళ అనేది మా రాయలసీమలో గంట కాదు సరిగదా, కొన్ని సంవత్సరాల్లో నెల కూడా కాదు.

ఉద్యోగం ఉన్నన్నాళ్లూ గణాంక శాఖలో వాన లెక్కలు రాసినవాణ్ణి. కొలత లేని మాటను నమ్మే అలవాటు నాకు లేదు. కడపలో మా వరండాలో కూర్చుని ఆ ప్రకటనను మరచిపోయేవాణ్ణే. కాని దాన్ని పంపినవాడు మా బావ ఓబుళయ్య. నా భార్య సుబ్బమ్మకు స్వయానా అన్న. మైదుకూరు దగ్గర ఒక నేతపల్లెలో మగ్గం నేస్తూ నలభై ఏళ్లుగా చెక్కభజన బృందాన్ని నడుపుతున్నాడు. చేతుల్లో ఇత్తడి బిళ్లలు పొదిగిన చెక్కలు, కాళ్లకు గజ్జెలు, నడుమ వెలిగే దీపపు సెమ్మె, దాని చుట్టూ వలయంగా తిరుగుతూ పాడి ఆడే పదహారు మంది, ఒక డోలు. ఇదీ ఆ బృందం. దానికి రెండే నియమాలున్నాయి. దీపం వెలిగించాక మంగళం పాడేవరకు వలయం చెదరకూడదు. దీపానికి ఎవరూ వీపు చూపకూడదు.

ఈ రెండో నియమం వల్లనే నిరుడు పక్క పట్టణంలో గొడవ జరిగింది. ఒక సభలో వాళ్లను కుర్చీల వైపు తిరిగి వరుసగా నిలబడి ఆడమన్నారు. దీపం వెనకబడుతుందని మా బావ సెమ్మె ఎత్తుకుని వేదిక దిగిపోయాడు. గజ్జెలు కట్టుకున్న పదహారు మందీ ఒక్క అడుగు వేయకుండానే పల్లెకు తిరిగి వచ్చారు. దాంతో పడుచువాళ్లకు కోపం వచ్చింది. డోలు వాయించే నాగరాజు, ముప్పై ఏళ్ల మనిషి, గురువు ముఖం మీదనే చెప్పాడట: “ఇంగొక్కతూరి చూస్తాం గురువా. ఈసారీ ఆడకుండా వచ్చినామంటే చెక్కలు అటక మీదికే. మా పన్లు మేం చూసుకుంటాం.”

ప్రకటన వచ్చిన మరునాడు బావ ఫోను చేశాడు.

“నువ్వు రావల్ల బావా. ఆ నిర్వాహకులతో మాట్లాడను నాకు రాదు. నీది ఆఫీసు బాస. ఎదుటోనికి అర్థం కాకపోయినా భయపడతాడు.”

ఈ ప్రశంసను స్వీకరించి, కొలత టేపును సంచిలో పెట్టుకుని, నేను ప్రయాణానికి సిద్ధమయ్యాను.

శనివారం ఉదయం కడప బస్టాండులో ఆరు గంటల కర్నూలు ఎక్స్‌ప్రెస్సు ఆరూ పదికి కదిలింది. సమయపట్టిక ఉంటుంది గనుక నా మొగ్గు సహజంగా రైలు వైపే. అయితే రైలు గుత్తి, డోన్ మీదుగా చుట్టి పోతుంది. బృందం ఎక్కవలసింది మైదుకూరులో. కనుక బస్సే శరణ్యమయింది. ఎడమవైపు కిటికీ సీట్లు కోరుకోవాలని పాఠకులకు నా సలహా. మధ్యాహ్నం దాకా ఎండ కుడివైపు వాళ్లదే.

కండక్టరు మహిళల ఉచిత ప్రయాణం కింద సుబ్బమ్మకు సున్నా టికెట్టు, నాకు వయోవృద్ధుల రాయితీ టికెట్టు ఇచ్చాడు. సుబ్బమ్మ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసింది.

“ఏమయ్యా, నాకేమో పైసా పడల్యా. నువ్వొక్కనివే ఖరీదైన సరుకు. ఆ తల లోపల పెట్టుకో, యాడన్నా తగిలితే నష్టం.”

ఏడూ ఇరవైకి మైదుకూరు చేరాం. అక్కడ పదహారు మంది మగవాళ్లు, ఒక డోలు, రెండు సంచుల గజ్జెలు, ఒక చద్దిమూట, నాలుగడుగుల ఇత్తడి సెమ్మె బస్సెక్కాయి. మా బావ సెమ్మెను తెచ్చి ఖాళీ సీటులో నిలబెట్టి, పై పంచెతో కట్టేశాడు. కండక్టరు వచ్చి దాని ముందు ఆగాడు.

“ఇదేందప్పా ఇది? సామాను కింద పెట్టల్ల.”

“సామాను కాదు, దీపం,” అన్నాడు బావ.

“ఏదైనా టికెట్టు కొట్టాల్సిందే. సీటులో కూర్చోనుండాది కదా!”

నేను లగేజీ నిబంధన ప్రస్తావించడానికి గొంతు సవరించుకునేలోగా సుబ్బమ్మ అందుకుంది. “ఆడమనిషేలే అబ్బీ. దీపలక్ష్మి. ఆధార్ కార్డు ఇంట్లో మర్చిపోయింది గానీ సున్నా టికెట్టు కొట్టు.”

బస్సంతా నవ్వింది. కండక్టరు నవ్వుతూనే టికెట్టు కొట్టకుండా పోయాడు. ఇది ఏ నిబంధన కిందకు వస్తుందో నాకు ఈనాటికీ తెలియదు.

కడప నుంచి కర్నూలుకు పోవడమంటే నీటికి ఎదురు పోవడం. కర్నూలు–కడప కాలువ సుంకేసుల వద్ద తుంగభద్ర నుంచి బయలుదేరి, కర్నూలు ఊరి నడుమగా సాగి, నంద్యాల పొలాలు తడిపి, చివరికి మా జిల్లాకు వస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో తవ్వారు. సాగుకే కాక పడవలు నడపడానికి కూడా. తవ్వకం తేదీల విషయంలో నేను చూసిన రెండు పుస్తకాలు ఒకదానితో ఒకటి పొసగనందున వాటిని ఇక్కడ ఇవ్వడం లేదు. దారిలో బస్సు ఆ కాలువనో, దాని పిల్లకాలువలనో దాటిన ప్రతిసారీ లేచి చూశాను. అడుగున నెర్రెలు, గట్టున తుమ్మకంప, ఒకచోట క్రికెట్ వికెట్లు. తడి అన్నది ఎక్కడా లేదు.

ఆళ్లగడ్డలో మా వెనక సీటులోకి ఒక పెద్దామె వచ్చి కూర్చుంది. పేరు మరియమ్మ. నంద్యాలలో కూతురింటికి పోతున్నానని చెప్పింది. సంచిలోంచి తొంగిచూస్తున్న చెక్కలను గుర్తుపట్టి చేతిలోకి తీసుకుని, బొటనవేలితో బిళ్లలు ఆడించింది.

“మా గుడిలోనూ క్రిస్మస్ రేత్రి చెక్కభజన కడతాం నాయనా. నడుమన కొవ్వొత్తి. పోయినేడు కొత్త పాస్టరయ్య అందరూ మైకు దిక్కు తిరగండన్నాడు.”

“తిరిగినారా?” బావ ముందుకు వంగి అడిగాడు.

“మైకునే తెచ్చి నడుమ పెట్టినాం. అదేం అరిగిపోయిందా?”

బావ ముఖం వెలిగింది. వెనక వరుసలో నాగరాజు మాత్రం కిటికీ వైపు చూస్తూ, “కర్నూలోళ్లు టీవీ కెమెరా పెడతారంట. దాన్ని నడుమ పెడతావా గురువా?” అన్నాడు. ఆ తరువాత నంద్యాల దాకా బస్సులో పాటలు రాలేదు.

నంద్యాల బస్టాండులో ఇరవై నిమిషాలు ఆగారు. బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాం. ఉగ్గాని బాగుంది. బజ్జిలో కారం గురించి చెప్పాలంటే, తిన్న తరువాత పాణ్యం దాటేవరకు నేను ఎవరితోనూ మాట్లాడలేకపోయాననీ, సుబ్బమ్మ దాన్ని ప్రయాణంలోకెల్లా మంచి భాగంగా పేర్కొన్నదనీ రాస్తే చాలు. ఓర్వకల్లు దగ్గర ఒకదానిమీద ఒకటి పేర్చినట్టున్న రాళ్లగుట్టలను చూసి ఎవరు ఎప్పుడు పేర్చారని అడగాలనిపించింది. పన్నెండు కావస్తుండగా కర్నూలు చేరాం. మా ఇద్దరికీ బస్టాండుకు నడిచిపోగల దూరంలో శుభ్రమైన గది దొరికింది. బృందానికి నిర్వాహకులు ఒక కల్యాణ మండపంలో చాపలు వేయించారు. అన్నం, పప్పు, గోంగూర కూడా వాళ్లే పెట్టారు. ఉచితం అన్న మాటకు ఇక్కడ కొంత విలువ వచ్చిందని ఒప్పుకోవాలి.

మూడు గంటలకు కాలువ దగ్గరకు వెళ్లాం.

పాత ఊరి వైపు, నడిచేవాళ్లకు మాత్రమే పనికొచ్చే ఇరుకు వంతెన ఒకటుంది. దాని పక్కనే గట్టు మీద వేదిక కట్టారు. పండుగ ఏర్పాటుచేసిన యువతీ యువకులు ఊరిని కూడగట్టి వారం రోజులు ఆ మేర కాలువలో చెత్తంతా ఎత్తించారట. నీళ్లు వదిలే రోజే పండుగ పెట్టుకుని, పాటలు సాగుతుండగా నీళ్లు వచ్చేలా చూడాలని వాళ్ల ఆశ. రాతికట్టు గోడలు రెండు పక్కలా, అడుగున ఊడ్చిన నేల, ఒకవైపు గట్టు నుంచి లోపలికి దిగే రాతిమెట్లు. మెట్లు లెక్కపెట్టాలని ఉండింది గాని బావ నా మోచేయి పట్టుకుని వేదిక వైపు లాక్కుపోయాడు.

వ్యవహారమంతా చూసే అమ్మాయి పేరు షబానా. బడిలో సంగీతం చెబుతుందట. చెవిలో ఫోను, చేతిలో కాగితాలు, నోట్లో సగం తిన్న బిస్కెట్టు. నేను నా ఆఫీసు భాషలో, చెక్కభజన వలయాకార ప్రదర్శన అనీ, పాల్గొనేవారందరూ కేంద్రస్థానంలోని దీపానికి అభిముఖంగా ఉండడం అనివార్యమనీ విన్నవించాను. ఆమె భయపడలేదు.

“అంటే చూసేవాళ్లకు వీపులు కనబడతాయా తాతా?”

“సగం వీపులు. మిగతా సగం ముఖాలే, కాని ఆ వీపుల వెనక.”

“అరె, వీపులు ఎవరు చూస్తారు తాతా? కెమెరా ఎదురుగానే ఉండాది. మీరు జరా అర్ధచంద్రంగా నిలబడండి. దీపం ముందుకు పెడదాం.”

“ముందుకు పెడితే చూసేటోళ్లకూ మాకూ నడుమ దీపం ఉంటాది గానీ, మేం తిరిగేదెట్లమ్మా దాని సుట్టూ?” అన్నాడు బావ. “తిరగకుంటే అది భజనెట్లయితాది?”

నేను టేపు తీసి వేదికను కొలిచాను. పొడవు ముప్పై అడుగులు, లోతు ఎనిమిది. చేతులు చాచి ఆడే పదహారు మందికి కనీసం పద్దెనిమిది అడుగుల అడ్డుకొలత కావాలి. ఈ అంకెలు వినిపించినప్పుడు షబానా మొదటిసారి కాగితాల నుంచి తలెత్తింది.

“నాకు ఇష్టం లేక కాదు తాతా. ఉన్నదే ఇంత గట్టు. ఫికర్ పడకండి, ఆరు దాకా టైముంది, ఏదో ఒకటి ఆలోచించండి. కుదరకపోతే మీ వంతు వేరేవాళ్లకు ఇయ్యాల్సి వస్తాది.”

మేము వెనుదిరిగాం. నాగరాజు డోలు భుజాన వేసుకుని నిలబడి అంతా విన్నాడు.

“అర్ధచంద్రమైతే ఏమయితాది గురువా? సగమన్నా ఆడినట్లయితాది.”

“సగం కట్టిన పంచె కట్టుకొని బజార్లో పోతావా నువ్వు?”

“ఊరికే తిరిగి పోయేదానికన్నా అదే నయం,” అన్నాడు నాగరాజు. ఆ మాటలో ఎగతాళి లేదు. అందువల్లనే బావకు తగిలింది. ఆయన సెమ్మెనూ చద్దిమూటనూ తీసుకుని, ఎవరినీ పిలవకుండా వెళ్లిపోయాడు.

నాలుగున్నరకు కచేరీ మొదలయింది. ప్రకటించిన సమయానికి అని రాయలేను, సమయం ప్రకటించలేదు గనుక. మొదట పిల్లల బృందగానం, తరువాత ఒక సన్నాయి, ఆ తరువాత గిటారుతో ఇద్దరు యువకులు. రెండు గట్లూ, వంతెనా జనంతో నిండాయి. బురఖా వేసుకున్న అమ్మలు, గంపలు దించిన పూలమ్మేవాళ్లు, స్కూటర్ల మీదే కూర్చున్న జంటలు. ప్రతి పాటకూ మధ్య వ్యాఖ్యాత మైకు అందుకుని, “నీళ్లు దగ్గరపడ్డాయి!” అని ప్రకటించేవాడు. నాలుగోసారికి జనం ఆయనకంటే ముందే ఆ మాట అనడం మొదలుపెట్టారు. నా పక్కన టీ అమ్ముతున్న మనిషి, “మా నాయన కాలం నుంచీ దగ్గరపడతానే ఉండాయి సార్,” అన్నాడు. టీ పది రూపాయలు, చక్కెర ఎక్కువ.

అయిదున్నర దాటినా బావ జాడ లేదు. సుబ్బమ్మ కంగారుపడి వంతెన మీదికి నడిచింది. నేను వెనకే వెళ్లాను. వంతెన నడుమ ఆగి, కమ్మీ పట్టుకుని కిందికి చూసి ఆమె ఒక్కసారి నవ్వింది.

“అదో సూడు మా అన్న. కోపమొచ్చి కాలవలోకి దిగినాడు.”

ఎండిన కాలువ నడుమ, సెమ్మెను ఎదురుగా నిలుపుకుని, బాసింపట్టు వేసుకుని మా బావ చిత్రాన్నం తింటున్నాడు. రెండు గట్ల మీది జనంలో సగం మంది వేదికను వదిలి ఆయననే చూస్తున్నారు.

“ఓ అన్నా!” సుబ్బమ్మ కేకేసింది. “ఈడ్నుంచి నీ బట్టతల శానా బాగా కనపడతాంది! కంచంలో ఎన్ని మెతుకులుండాయో కూడా కనపడతాండాది!”

జనం గొల్లుమన్నారు. బావ తలెత్తి ఒక గట్టూ, రెండో గట్టూ, వంతెనా చూశాడు. ముద్ద నోటి దగ్గరే ఆగింది. వంతెన మీద నేనూ అదే లెక్క కట్టాను. చూసేవాళ్లు పైన ఉండి, ఆడేవాళ్లు కింద ఉంటే, వలయం ఎటు తిరిగినా దాచేదేమీ ఉండదు. అడుగు వెడల్పు కంటి అంచనాకే పద్దెనిమిది అడుగులకు బాగా మించి ఉంది.

“బావా,” కిందినుంచి అరిచాడు ఓబుళయ్య, “ఆ పాపను అడుగు!”

షబానా వంతెన మీదికి వచ్చి కిందికి చూసింది. మరునిమిషంలో కెమెరా పట్టుకున్న అబ్బాయిని అక్కడికి పిలిచింది. ఆ అబ్బాయి కెమెరాలోంచి చూసి, బొటనవేలు పైకెత్తాడు. అంతా కుదిరినట్టే. కాని ఆమె ముఖంలో ఒక సందేహం మిగిలింది.

“నీళ్లు వస్తే?”

అది న్యాయమైన ప్రశ్న. గట్టు మీద కాలువ నీళ్లకు కాపలా ఉండే నీటి పారుదల లస్కరు ఒకరున్నారు, ఖాకీ చొక్కా, చేతిలో విజిలు. ఆయనను అడిగాను.

“నీళ్లు ఎప్పుడు వస్తాయి?”

“వస్తాండాయి సార్.”

“అదే, ఎప్పటికి?”

“వచ్చేటప్పటికి.”

నేను పట్టు విడవలేదు. చివరికి ఆయన, “ఏడున్నర దాటుతాది లే సార్,” అన్నాడు. నేను నీళ్లు వదిలిన గంట అడిగి తెలుసుకుని, దూరాన్ని ప్రవాహవేగంతో భాగించి, ఎండిన నేల పీల్చే నీటికి కొంత సమయం కలిపాను. ఏడూ నలభై వచ్చింది. రెండు స్వతంత్ర ఆధారాలు పది నిమిషాల తేడాతో ఏకీభవించడం నా అనుభవంలో అరుదు. షబానాతో నిబ్బరంగా చెప్పాను, ఏడున్నర లోపు నీళ్లు రావని, నాది పూచీ అని. లస్కరు ఎగువ మలుపు దగ్గర నిలబడి, నీళ్లు కనబడితే విజిలు వేయడానికి ఒప్పుకున్నాడు. మెట్ల దగ్గర నలుగురు యువకులు నిలబడ్డారు.

ఆరూ ఇరవైకి పదహారు మందీ గజ్జెలు కట్టుకుని మెట్లు దిగారు. బావ సెమ్మె నడుమ నిలబెట్టి వత్తి వెలిగించాడు. కాలువ గోడల మధ్య గాలి తగలక దీపం నిటారుగా నిలిచింది. ముందు ప్రార్థన నెమ్మదిగా సాగింది. తరువాత డోలు వేగం అందుకుంది. చెక్కల చప్పుడు రాతిగోడలకు కొట్టుకుని రెట్టింపయి పైకి వచ్చేది. వంతెన మీది నుంచి చూస్తే తెల్లటి తలపాగాలు ఒక చక్రంలా తిరుగుతున్నాయి. లోపలికి ఒంగినప్పుడు చక్రం చిన్నదై దీపాన్ని కప్పేది, విప్పుకున్నప్పుడు దీపం మళ్లీ బయటపడేది. నలభై ఏళ్లుగా ఈ ఆటను నేల మీద నిలబడే చూశాను. అందులో ఇలాంటి పువ్వొకటి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. సుబ్బమ్మకూ తెలియదు. “మా అన్న దీన్ని ఎన్నడూ సూసుండడు కదా,” అన్నది మెల్లగా.

మూడో పాట బావ సొంతంగా కట్టినది. “రావమ్మ కాలవమ్మా, రాళ్ల దారి తెలుసు కదమ్మా” అని ఆయన ఎత్తుకుంటే, రెండోసారికి గట్లు కూడా అందుకున్నాయి. పాట మంచి వేగంలో ఉండగా విజిలు వినిపించింది. గడియారం చూసుకున్నాను. ఏడూ అయిదు.

ఎగువ మలుపు దగ్గర ముందుగా ఒక ప్లాస్టిక్ సీసా, దాని వెనక ఒక చెప్పు, వాటి వెనక నాలుకలాగా ముదురు మట్టి రంగు నీళ్లు నేలను నాకుతూ నెమ్మదిగా వస్తున్నాయి. గట్ల మీద జనం లేచి కేకలు పెట్టారు. ఆ కేకల్లో సంతోషమెంతో భయమెంతో విడదీయడం కష్టం. షబానా నావైపు చూసింది. ఆ చూపును ఇక్కడ వర్ణించను.

“ఓబులన్నా, బయటికి రా!” సుబ్బమ్మ అరిచింది.

బావ నీళ్లను చూశాడు. పాట ఆపలేదు. చేయెత్తి చివరి చరణం వదిలేయమని సైగ చేశాడు. కాని మంగళం ఇంకా మిగిలే ఉంది. మంగళం కాకుండా వలయం చెదరకూడదు. దీపానికి వీపు చూపకూడదు. నీళ్లు పాదాలను తాకినప్పుడు ఆయన సెమ్మెను రెండు చేతులతో ఎత్తుకుని మెట్ల వైపు నడిచాడు. వలయం ఆయనతోపాటు కదిలింది. వెనకున్నవాళ్లు ముందుకు నడుస్తున్నారు; మెట్ల వైపు ఉన్నవాళ్లు మాత్రం దీపాన్ని చూస్తూ వెనక్కి వెనక్కి అడుగులు వేయాలి. అందరికంటే ముందు, అంటే అందరికంటే వెనక్కి, డోలు మెడలో వేసుకున్న నాగరాజు ఉన్నాడు.

అతని మడమ మొదటి మెట్టుకు తగిలి తూలాడు. దరువు ఒక్క క్షణం తెగింది. దీపం నుంచి చూపు తిప్పకుండానే, “మెట్లు యాడుండాయప్పా?” అని అరిచాడు.

గట్టు మీది టీ మనిషి బదులు చెప్పాడు. “కాలు ఎత్తు! మెట్టుండాది!”

“ఇంగొకటి!” ఎవరో ఆడమనిషి అందుకుంది.

“ఇంగొకటి!” అన్నాయి రెండు గట్లూ.

ఆ తరువాత ప్రతి మెట్టుకూ ఊరంతా కలిసి “మెట్టుండాది!” అని తాళం వేసినట్టు అరవడం, దానికి తగినట్టు నాగరాజు దరువు కొట్టడం, పదహారు మందీ చీలమండల దాకా తడిసిన కాళ్లతో ఎక్కడం. పైనున్న యువకులు వీపులకు చేతులు ఆనించి సాయం చేశారు. పై మెట్టు మీద జనం రెండుగా చీలి చోటిచ్చారు. టీ బండికీ స్కూటర్లకూ మధ్య వలయం మళ్లీ విప్పుకుంది. బావ సెమ్మెను రోడ్డు మీద దించాడు. దీపం ఆరలేదు. మంగళం మొత్తం పాడారు, ఒక్క పంక్తి కూడా తగ్గకుండా. వాళ్ల వెనక కాలువ నిండుగా కాకపోయినా ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పారుతోంది. మైకులో వ్యాఖ్యాత, “నీళ్లు వచ్చేశాయి!” అన్నాడు. అంతమంది నవ్వడం నేను ఎప్పుడూ వినలేదు.

చెక్కలు దించాక బావ వచ్చి నాగరాజు ఎదుట నిలబడ్డాడు. నాగరాజు డోలు చర్మం మీది తడి తుడుస్తూ అన్నాడు:

“మెట్లకు వేరే దరువు కట్టల్ల గురువా. ఇది సరిపోల్యా. సోమారం మగ్గం దిగినాక రాత్రికి కూర్చుందాం.”

“సరేలే,” అన్నాడు బావ, అంతే. కాని అన్నాక తలపాగా విప్పి ముఖం చాలాసేపు తుడుచుకున్నాడు.

ఆ రాత్రి షబానా మాకందరికీ కుష్కా, అంటే ముక్కలు లేని బిర్యానీ అన్నం, పెట్టించింది. వడ్డిస్తూ, “తాతా, వచ్చే ఏడు కూడా మీరే లెక్క చెప్పాల,” అన్నది. “మీరు ఏడున్నర అంటే మేం ఆరున్నరకే దింపేస్తాం.”

ఆదివారం ఉదయం ఏడింటి కడప బస్సు ఏడు గంటలకే కదిలింది. యాదృచ్ఛికంగా నిన్నటి కండక్టరే. సెమ్మెను చూసి తనే ఒక సీటు చూపించాడు. రాత్రి ఉతికి పిండినా ఆరని పంచెలను బృందం కిటికీ ఊచలకు కట్టింది. పదహారు కిటికీల్లో పంచెలు రెపరెపలాడుతూ ఓర్వకల్లు గుట్టల మధ్య పోతున్న మా బస్సు ఎదురొచ్చేవాళ్లకు ఎలా కనిపించిందో నాకు తెలియదు. ఇద్దరు లారీ డ్రైవర్లు మాత్రం హారను కొట్టారు.

ఈ ప్రయాణం చేయదలచిన పాఠకులకు నా అభిప్రాయం క్లుప్తంగా ఇది. తప్పక వెళ్లండి. వంతెన మీద నిలబడండి, వేదిక ఎదుట కాదు. తువ్వాలు తీసుకెళ్లండి. నీళ్ల విషయంలో ఎవరి లెక్కనూ నమ్మకండి, నాది కూడా. అది భాగహారంలో వచ్చిన పొరపాటు కాదు, రెండుసార్లు సరిచూశాను. ఎండిన నేల నీళ్లు పీల్చుతుందని కలిపిన సమయం ఎక్కువయింది. మూడు రోజుల ముందు ఎగువన వాన పడి నేల తడిసే ఉందని ఎవరూ చెప్పలేదు.

నంద్యాల దాటిన తరువాత ఒక కాలువ వంతెన మీద గొర్రెల మంద అడ్డం రావడంతో బస్సు ఆగింది. నీళ్ల కంటే మేమే ముందు వచ్చాం. కింద కాలువ నిన్నటిలాగే పొడిగా ఉంది. గట్టు మీద ఒక రైతు గొడుగు కర్ర మీద గడ్డం ఆనించి ఎగువ వైపు చూస్తున్నాడు.

“కర్నూల్నుంచా అప్పా?” అని అడిగాడు కిటికీ కింద నిలబడి. “నీళ్లు వస్తాండాయంట, నిజమేనా? రోజూ ఇదే మాట చెప్తారు.”

నాగరాజు, “వస్తాండాయి పెద్దాయనా, వెనకే ఉండాయి,” అన్నాడు.

“యాడ ఉండాయి? అందరూ వెనకే అంటారు.”

ఆయన సందేహం నాకు పూర్తిగా నచ్చింది. ప్రవాహవేగం గురించి ఒక వాక్యం సిద్ధం చేసుకుంటున్నాను. అంతలో మా బావ ఊచకు కట్టిన పంచె ముడి విప్పి, దాని అంచు కిటికీలోంచి కిందికి వదిలాడు.

“ఇదో, ముందుగా వచ్చినయి. పట్టుకొని సూడు.”

రైతు పంచె అంచు వేళ్ల మధ్య నలిపి చూశాడు. ఇంకా చెమ్మగానే ఉంది. ఎంత ఉతికినా పోని కాలువ మట్టి రంగు దాని కింది అంచు పొడవునా గీత గీసినట్టుంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. గొర్రెలు దాటి బస్సు కదిలేటప్పుడు వెనుదిరిగి చూశాను. గొడుగు గట్టున పడేసి, కట్టుకున్న పంచె ఎగదోపుకుని, ఆయన తన పొలం తూముకు అడ్డంగా పెరిగిన గడ్డి పీకుతున్నాడు.